చెవులపిల్లికి రెండు రంగులు రాసినవాణ్ణి

ముప్పయ్యేళ్ళకు పైగా అటవీ శాఖలో పనిచేశాను. ఒక్క పులి కూడా నన్ను తరమలేదు. తరమాలంటే ముందు పులి ఉండాలి కదా. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాటి వీరులపాడు దాకా మెరక నేలల్లో నా ఉద్యోగం. మా మ్యాపుల్లో అడవి అని ఆకుపచ్చ రంగు వేసిన చోటికి వెళ్తే కనిపించేవి కొన్ని గరపనేల మిట్టలు, రేగుకంపలు, బలుసు పొదలు, తంగేడు, మోకాలెత్తు గడ్డి. చుట్టూ నల్లరేగడిలో పత్తి, మిరప, సుబాబుల్. మా నాన్న నాకు దానియేలు అని పేరు పెట్టాడు. బైబిల్లో దానియేల్ని సింహాల గుహలో పడేశారు. మా శాఖ నన్ను చెవులపిల్లుల మధ్య పడేసింది. ఆయనా క్షేమంగానే బయటికొచ్చాడు, నేనూ వచ్చాను. కాకపోతే ఆయన సంగతి అందరూ చెప్పుకుంటారు.

నా సంగతి నేనే చెప్పుకోవాలి గనక ఇది రాస్తున్నాను. కొత్తగా బీటు ఆఫీసర్లుగా చేరుతున్నవాళ్ళు చదివితే చాలు. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే, అదీ ఆలస్యంగా వచ్చి తొందరగా మరుగునపడింది. ఫైళ్ళ గురించీ రాయను. అవి మీకోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. నేను రాసేది ఒక తప్పు గురించి. అది చేసినప్పుడు నాకు మెచ్చుకోలు వచ్చింది. దిద్దినప్పుడు మెమో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో కాలరెగరేసుకోవాలంటే ఆ మెమో చూసే ఎగరేసుకుంటాను.

దిగి నడువు

నా మొదటి రేంజరుగారు ఖమ్మం వైపు మనిషి. ఉద్యోగంలో చేరిన వారంలో నేను జీపులో సెక్షనంతా తిరిగొచ్చి, ఎక్కడా ఏ జంతువూ లేదండి అని చెప్పాను. ఆయన టీ గ్లాసులోంచి తలెత్తలేదు.

"జీపులోంచి నువ్వు జంతువును జూడవు బాబూ. జంతువే జీపును జూస్తది. దిగి నడువు."

దిగి నడిచాను. ఆయన నేర్పిన పద్ధతికి మించినది ఇప్పటికీ నాకు తెలియదు. ఇరవై అడుగులు వేయాలి, ఆగాలి, మనసులో వంద లెక్కపెట్టాలి, మళ్ళీ ఇరవై అడుగులు. నడిచిపోయే మనిషిని చూసి చెవులపిల్లి పెద్దగా కంగారుపడదు. వాడు ఎలాగూ పోతాడు. ఆగినవాణ్ణి చూస్తేనే దానికి అనుమానం. లెక్క ఎనభై దాటేసరికి ఇక ఓర్చుకోలేక లేచి ఉరుకుతుంది. మొదటి నెలంతా నేను అరవై దగ్గరే కదిలిపోయేవాణ్ణి. మా ఇద్దరిలో ఓపిక ఎవరికి తక్కువో అప్పుడే తేలిపోయింది.

ఈ జంతువు గురించి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. పుస్తకాల్లో దీన్నీ కుందేలనే అంటారు. గూట్లో పెంచుకునే తెల్ల కుందేలుకీ దీనికీ చుట్టరికం బాగా దూరం. ఇది బొరియ తవ్వదు. గడ్డిదుబ్బు కిందో కంప మొదట్లోనో నేలని కాస్త అణిచి, తన ఒంటి కొలతకి గుంట చేసుకుని పగలంతా అందులో ఉంటుంది. దాన్ని మేం పడక అనేవాళ్ళం. గడ్డం నేలకి ఆనించి, చెవులు వెనక్కి మడిచి, కళ్ళు తెరుచుకునే పడుకుంటుంది. మెడ వెనక ఒక నల్లమచ్చ ఉంటుంది, తోక పైభాగం నలుపు. మిగతా ఒళ్ళంతా ఎండుగడ్డి మీద కాస్త ఎర్రమట్టి జల్లినట్టు ఉంటుంది. మీరు దానిమీద కాలు వేయబోయేదాకా అది మీకు గడ్డే. ఆ తరవాత కాసేపు గుండె పట్టుకుని కూర్చుంటారు.

తడిసిన సాక్ష్యం

ఒక ముసురు రోజున నందిగామ అవతల కీసర దగ్గర, హైవే పక్కన, వలతో సహా ఒకతను మాకు దొరికాడు. అతని సంచిలో చచ్చిన చెవులపిల్లి ఉంది. మూసేసిన టీ కొట్టు చూరు కింద నిలబడి పంచనామా రాశాను. జంతువు రంగు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఎండాకాలంలో మిట్టల మీద నేను చూసినవన్నీ గడ్డి రంగువి. ఇది దాదాపు నల్లగా ఉంది. 'నలుపు కలిసిన ముదురు గోధుమ' అని రాశాను. సంతకం పెడుతూ ఆ పట్టుబడ్డతను, "తడిసిందండి అది" అన్నాడు. ముద్దాయి మాట కదా, వినిపించుకోలేదు. మా వృత్తిలో నిజం చాలాసార్లు ముద్దాయి నోటే వస్తుంది. మనం దాన్ని సాక్షుల దగ్గర వెతుకుతాం.

అక్కడితో పోయేది. కాని నేను జువాలజీ చదివినవాణ్ణి. మా డిగ్రీ పుస్తకంలో మంచు దేశాల కుందేలు బొమ్మలు రెండు పక్కపక్కన ఉండేవి. వేసవిలో గోధుమ రంగు, చలికాలంలో తెలుపు. కాలాన్నిబట్టి బొచ్చు మార్చుకుని నేలలో కలిసిపోతుందని కింద రాసి ఉండేది. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది, బాగానే రాశాను. బాగా రాసిన జవాబు మనిషిని అంత తొందరగా వదలదు. మనకి మంచు లేదు, నిజమే. కాని మనకి ఎండాకాలంలో గడ్డి తెల్లబారుతుంది, వానాకాలంలో నల్లరేగడి తడిసి బొగ్గులా అవుతుంది. మన చెవులపిల్లి మాత్రం ఆ పాటి తెలివి ఎందుకు చూపించకూడదు?

రెండేళ్ళు నోట్సు రాశాను. తొందరపడి తప్పు చేశానని ఎవరూ అనలేరు. ఎండల్లో చూసిన ప్రతిదాని పక్కనా 'లేత' అనీ, వానల్లో చూసిన ప్రతిదాని పక్కనా 'ముదురు' అనీ రాసుకుంటూ పోయాను. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. అన్నీ కలిపి, ఈ ప్రాంతపు చెవులపిల్లి రుతువునుబట్టి రంగు మార్చుకుని ఏ నేలలోనైనా కలిసిపోగలదని రిపోర్టు పంపాను. ఆ 'ఏ నేలలోనైనా' అన్న మాట ఎవరూ అడగలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే వేశాను.

పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆఫీసులో అందరి ముందూ చదివారు. ఆదివారం నందిగామలో మా పాస్టరుగారు, దానియేలుగారికి చూసే కన్నులు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. మా ఆవిడ స్కూలు టీచరు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఒకే మాట అంది. "ఆ కన్నులకి ఫ్రిజ్జులో పెరుగు గిన్నె మటుకు కనపడదు." ప్రవక్తకి సొంత ఇంట్లో ఘనత ఉండదని వాక్యమే ఉంది కాబట్టి నేను బాధపడలేదు.

ఎర్రమిట్ట

వీరులపాడు మండలంలో, ఊరికి కాస్త ఎడంగా, ఒక మిట్ట ఉంది. మా రికార్డుల్లో దానికి ఒక నంబరు, ఊళ్ళోవాళ్ళకి అది ఎర్రమిట్ట. చెట్టని చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. గులకరాళ్ళు, ఎర్రమట్టి, గడ్డి, కంప. ఊళ్ళోని ఆడవాళ్ళు పదిమంది దాకా చలికాలంలో అక్కడ చీపురుగడ్డి కోసుకుని, కట్టలు కట్టి, జి.కొండూరు దాకా తీసుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు.

మా శాఖలో ఖాళీగా కనపడే నేల పెద్ద నేరం. నా రిపోర్టుకి పేరొచ్చిన మరుసటేడు, వానాకాలం మధ్యలో, ఎర్రమిట్ట ఫైలు కదిలింది. వచ్చే మే నెలలో మిషన్ పెట్టి గడ్డీ కంపా తీసేయడం, గుంటలు తవ్వడం, తొలకరికి జామాయిల్ నాటడం. అప్పటికి మొదటి రేంజరుగారు వెళ్ళిపోయి రెండో ఆయన వచ్చారు. చెడ్డవారు కాదు. కాగితం మీద ఉన్నది నేలమీద ఉన్నట్టే నమ్మే మనిషి, అంతే.

ఆయన దగ్గరికి వెళ్ళి, అక్కడ చెవులపిల్లులు ఉన్నాయండి, ఎండాకాలంలో మరీ ఎక్కువ ఉంటాయి, గడ్డి తీసేస్తే వాటికి చోటుండదు అని చెప్పాను. ఆయన చిరునవ్వుతో సొరుగు లాగి ఒక కాగితం బయటికి తీశారు. చూడగానే గుర్తుపట్టాను. నా రిపోర్టే.

"మీరే రాశారు కదండీ దానియేలుగారూ, అది ఏ నేలలోనైనా కలిసిపోద్దని. నల్లమట్టికి నల్లగా, గడ్డికి గడ్డిలాగా. జామాయిల్ ఆకు రాలితే ఆ రంగుకీ మారిద్ది లెండి. మీ రిపోర్టు నేను ఫైల్లో పెట్టా కూడా. వన్యప్రాణికి నష్టం లేదని రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?"

 నా మాటలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. మేలో మిషన్ వస్తుంది, ఎర్రమిట్ట పోతుంది, దానికి అడ్డులేదని చెప్పే సాక్ష్యం నా చేతిరాత. ఇక మిగిలింది ఎనిమిది నెలలు.

ఇక్కడ ఒక మాట కొత్తవాళ్ళకి. మీరు రాసే కాగితం ఎప్పుడూ మీరు పంపినచోట ఆగదు. దానికి కాళ్ళుంటాయి. ఎవరి అవసరానికి ఎక్కడికి వెళ్ళి నిలబడుతుందో మీకు తెలియదు. కాబట్టి అందం కోసం ఒక్క మాట కూడా వేయకండి.

మార్తమ్మ అక్క అడిగింది

మర్నాడు ఎర్రమిట్ట మీదికి వెళ్ళాను. సన్నగా జల్లు పడుతోంది. మార్తమ్మ అక్క గేదెకి పచ్చగడ్డి కోస్తూ కనపడింది. వీరులపాడులో చీపురు కోసేవాళ్ళకి ఆవిడే పెద్ద. మా చర్చి సంఘంలోనే ఉంటుంది కాబట్టి నేను అక్కా అంటాను. ఆవిడ మాత్రం నన్ను సారూ అనే అంటుంది, ఎక్కువసార్లు ఎగతాళిగా.

ఫైలు సంగతి చెప్పాను. ఆవిడ కొడవలి ఆపి విన్నది. రిపోర్టు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. చెవులపిల్లి వానాకాలంలో నల్లబడుతుందని రాశానన్నాను. అంతలో మాకు పది అడుగుల దూరంలో గడ్డి చీల్చుకుని ఒకటి లేచి కిందికి ఉరికింది. నల్లగా. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"చూశావా అక్కా? నలుపు కాదూ?"

"దాని మొహం చూశారా సారూ?"

"పారిపోయేదాని మొహం ఎట్టా చూస్తాను?"

"అదే అడుగుతున్నా." ఆవిడ కొడవలి మొనతో అది పోయిన దారి చూపించింది. "వానల్లో గడ్డి నడుమెత్తు లేచిద్ది. పడుకున్నది మీకు అగపడదు. లేచి ఉరికేదే అగపడిద్ది. చెవులు నిక్కబొడుచుకుని ఉరికిద్ది, మెడమీద మచ్చ బయటపడిద్ది, తోక నలుపు, ఆ పైన తడిసి ఉంటది. మీరు చూసేదంతా ఎనకమాలే. ఎండల్లో గడ్డి పలచన. అప్పుడు పడుకున్నదాన్ని చూస్తారు. చెవులు మడిస్తే మచ్చ మూతపడిద్ది. నలుపు ఎక్కడిది ఇంక?"

నేను ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. రాయి తడిగా ఉందన్న సంగతి తరవాత తెలిసింది. రెండేళ్ళ నోట్సు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. 'లేత' అని రాసినవన్నీ పడుకున్నవి. 'ముదురు' అని రాసినవన్నీ పారిపోతున్నవి. నేను రాసింది చెవులపిల్లి గురించి కాదు. నేను ఎటువైపు నిలబడ్డానో రాసుకున్నాను, అంతే.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

"మీరు అడగలా. చదువుకున్నోళ్ళకి అడక్కుండా చెబితే కోపమొచ్చిద్ది."

ఆ రోజే ఆవిడ నాకు ఇంకోటి చెప్పింది. చీపురు కోతలు అయిపోయిన మిట్టమీద అక్కడొకటి ఇక్కడొకటి కోయని దుబ్బులు మిగిలి ఉండటం ఏళ్ళ తరబడి చూస్తున్నాను. పని సరిగ్గా చేయరని అనుకునేవాణ్ణి. ఒకసారి పైకి అన్నాను కూడా. పడక ఉన్న దుబ్బుని వాళ్ళు కోయరట. వాళ్ళ అమ్మల కాలం నుంచీ అంతే. ఎందుకని అడిగితే ఆవిడ భుజాలెగరేసింది. "దాని ఇల్లు మనకెందుకు, ఒక దుబ్బు లేకపోతే చీపురు సన్నబడిపోయిద్దా?" అంది. మా శాఖ ఎన్ని సర్వేలు చేసినా అంత ఖచ్చితమైన మ్యాపు నేను చూడలేదు. కోయని దుబ్బులు లెక్కపెట్టుకుంటే పడకల లెక్క వచ్చేస్తుంది. కూలి లేకుండా, బోర్డు లేకుండా అన్నేళ్ళుగా చేస్తున్నారు. నేను దాన్ని బద్ధకం అన్నాను.

కానుక కవర్లు

ఇక నిరూపించాలి. మార్తమ్మ చెప్పిందని రాస్తే రేంజరుగారు ఫైల్లో పెట్టరు. నేను చెప్పానని రాసినా పెట్టరు, ఎందుకంటే నేనే ఇంకోలా చెప్పాను కదా.

పడకలో ఎప్పుడూ నాలుగు వెంట్రుకలు రాలి ఉంటాయి. ప్రతి నెలా ఎర్రమిట్ట పడకల్లోంచీ, కింద పొలాల్లోని పడకల్లోంచీ వాటిని ఏరుకొచ్చి దాచాను. దాచడానికి నాకు దొరికినవి చర్చిలో ఇచ్చే కానుక కవర్లు. చిన్నవి, చక్కగా అంటుకుంటాయి. వాటిమీద నెల పేరు రాసి బైబిల్లో పెట్టేవాణ్ణి. ఒక ఆదివారం మా ఆవిడ తొందరలో డిసెంబరు కవరు తీసి కానుక సంచిలో వేసేసింది. సోమవారం పొద్దున పాస్టరుగారు స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏమీ అడగలేదు. ఆ తరవాత ప్రార్థనల్లో నా కన్నుల ఊసు తగ్గింది.

రెండో ఆధారం దానంతట అదే దొరికింది. ఎర్రమిట్ట మీద ఒకదానికి ఎడమ చెవి కొస చీలి ఉంది. కంపలోనో కుక్క నోట్లోనో చీలిందో తెలియదు. దాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. సెప్టెంబరులో అది మిట్ట వదిలి, తడిగడ్డి గిట్టక, పెసరచేను గట్టుమీద పడుకుంది. చలికాలం నల్లరేగడిలో పత్తికట్టె మధ్య. పత్తి పీకేసి పొలాలు దున్నేశాక మార్చిలో ఎర్రమిట్ట మీదికి తిరిగొచ్చింది. ఎండాకాలం చుట్టుపక్కల నేల అంతా బోడి. నల్లమట్టి మీద ఆ గడ్డిరంగు ఒళ్ళు పెట్టుకుని పడుకుంటే గద్దకి పళ్ళెంలో పెట్టినట్టే. గడ్డి ఉన్నది మిట్ట మీదే, దాని రంగు దాక్కునేదీ అక్కడే. తొమ్మిది నెలల కవర్లలో వెంట్రుకలు ఒకటే. మొదట్లో బూడిద, నడుమ నలుపు, కొసన గడ్డి.

అంటే మంచు దేశపు కుందేలు చలికాలానికి బొచ్చు మార్చుకుంటుంది. మనది కాలానికి చోటు మార్చుకుంటుంది. బొచ్చు మార్చుకునేదాన్ని ఎక్కడికి తరిమినా కొంత బతుకుతుందేమో. చోటు మార్చుకునేదానికి ఆ చోటు ఉండాలి. మేలో అది ఎర్రమిట్ట ఒక్కటే. మా ఫైలు మిషన్ పెట్టమన్నదీ మేలోనే.

కన్ను చూడండి

మే నెల రెండో వారంలో మిషన్ వచ్చి మిట్ట కింద నిలబడింది. పని మొదలుపెట్టే ముందు చూసి పోదామని మా డివిజను పెద్ద, డి.ఎఫ్.ఓ. మేడం వచ్చారు. ఆవిడ ఆ పోస్టుకి కొత్త, వయసులో మా అందరికంటే చిన్న. రేంజరుగారు ఫైలు విప్పారు. మేడం ఫైలు తీసుకుని, చదవకుండా చంకలో పెట్టుకుని, "ముందు మిట్ట చూద్దాం" అన్నారు. అప్పుడే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పొద్దున పదవుతోంది. గాడ్పు అప్పుడే మొదలైంది. నేను చీలిచెవిది ఉండే దుబ్బుకి ఆరడుగుల దూరంలో ఆగి, మేడం, ఇక్కడ ఒకటి పడుకుని ఉందండి అన్నాను. ఆవిడ చూశారు. రేంజరుగారు చూశారు. మిషన్ డ్రైవరు కూడా పైకి వచ్చి చూశాడు.

"ఎక్కడ?" అన్నారు మేడం.

"గడ్డిలో జంతువుని వెతక్కండి మేడం. కన్ను చూడండి. ఒక నల్ల గింజలాగా ఉంటుంది. అది ఒక్కటే గడ్డి కాదు."

ఆవిడ ఆ గులకరాళ్ళ మీద గొంతుక్కూర్చున్నారు. ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది.  కాసేపటికి ఆవిడ చెయ్యి నెమ్మదిగా మోకాలి మీదికి వచ్చి ఆగింది. కనపడిందని నాకు అర్థమైంది. చూసినవాళ్ళు కదలడం మానేస్తారు.

"నాకేం కనపడట్లేదండి" అన్నారు రేంజరుగారు, నిజాయితీగా.

"నేను చెప్పేదీ అదేనండి" అన్నాను. "ఈ గడ్డిలో అది కనపడదు. ఇక్కడ తప్ప ఈ నెలలో ఇంకెక్కడున్నా కనపడుతుంది."

పక్కకి వచ్చాక కవర్లు విప్పి, గాలికి పోకుండా ఒక్కోదాన్ని ఒక్కో గులకరాయి కింద పెట్టి, సెప్టెంబరు నుంచి మే దాకా వరసగా చూపించాను. చీలిచెవి ఏ నెల ఎక్కడ ఉందో చెప్పాను. ఎవరు కళ్ళు తెరిపించారో కూడా చెప్పాను. మార్తమ్మ అక్క పేరు మా శాఖలో ఒక అధికారి ముందు వినపడటం అదే మొదటిసారి అనుకుంటాను. మేడం అప్పుడు ఫైలు తెరిచారు.

"ఈ రిపోర్టు రాసింది మీరేగా?"

"నేనేనండి."

"ఇందులో రంగు మారుతుందని ఉంది. ఇప్పుడు మారదంటున్నారు."

"అది తప్పండి."

"ఇది పైన రికార్డులో ఉన్న రిపోర్టు. తప్పని మీరు నోటితో చెబితే చాలదు, మీ చేత్తో రాసివ్వాలి. ఇస్తే మీకు మెమో వస్తుంది, నేనే ఇవ్వాల్సి వస్తుంది. సర్వీసు రికార్డులోకి వెళ్తుంది. రెండు రోజులు ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండి." జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. దాన్ని ముందురోజు సాయంత్రం మా ఇంటి బల్లమీద రాశాను. నాలుగు వాక్యాలు. నేను రెండేళ్ళు చూసింది జంతువు వెనకభాగం. దాని రంగు మారదు, చోటు మారుతుంది. ఎండాకాలపు చోటు ఎర్రమిట్ట గడ్డి. ఇంతకుముందు నేను పంపిన రిపోర్టు తప్పు, దాన్ని ఆధారంగా తీసుకోవద్దు. రాసేటప్పుడు మా ఆవిడ వెనకనుంచి చదివింది. "మొదటిదానికంటే ఇది బాగుంది" అంది. ముప్పయ్యేళ్ళలో నా రాతకి ఆవిడ ఇచ్చిన పెద్ద మార్కు అదే.

మేడం కాగితం చదివి, ఫైలులో నా పాత రిపోర్టు మీదే దాన్ని పెట్టి, ప్రతిపాదన పేజీలో రెండు లైన్లు రాసి సంతకం చేశారు. గడ్డిభూమిగానే ఉంచాలి, మొక్కలు నాటడానికి తగదు. జామాయిల్ ఇంకో చోటికి పోయింది. రేంజరుగారు నామీద కోపం పెట్టుకోలేదు. కాగితాన్ని కొట్టేసింది ఇంకో కాగితమే గనక ఆయనకి సమ్మతమే. మిషన్ డ్రైవరు మాత్రం నాదగ్గరికి వచ్చి, మరి నన్నేం చేయమంటారండి అన్నాడు. ఇంటికెళ్ళమన్నాను. పొద్దున్నే ఇంత దూరం తెప్పించి ఇంటికెళ్ళమంటారేంటండి అని గొణుక్కుంటూ కిందికి దిగి మిషన్ స్టార్టు చేశాడు. ఆ చప్పుడుకి కూడా చీలిచెవి కదల్లేదు.

మెమో పదిహేను రోజుల్లో వచ్చింది. తప్పుడు సమాచారంతో పై అధికారులను తప్పుదారి పట్టించినందుకు సంజాయిషీ ఇవ్వమని. 'ఆ దారిలో అందరికంటే ముందు నడిచింది నేనేనండి' అని జవాబిచ్చాను. దానికి మళ్ళీ ఎవరూ ఏమీ రాయలేదు.

మెమో పట్టుకుని మిట్టమీదికి వెళ్ళి మార్తమ్మ అక్కకి చదివి వినిపించాను. ఆవిడ మొత్తం విన్నది.

"అంటే మిమ్మల్ని తిట్టారా సారూ?"

"తిట్టారక్కా."

"మిట్ట మనకే ఉందిగా?"

"ఉంది."

"అయితే తిట్టనీయండి" అంది, కొంగు బిగించి.

ఇప్పుడు చేరేవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, కెమెరాలున్నాయి, పైనుంచి ఎగిరి చూసే డ్రోన్లున్నాయి. మంచిదే. అవి నాకంటే బాగా చూస్తాయి. కాని ఎటువైపు నిలబడి చూశారో కూడా పక్కన రాసుకోండి. అక్కడ గడ్డి కోసేవాళ్ళుంటే ముందు వాళ్ళని అడగండి, అదీ రిపోర్టు పంపకముందు. తప్పు రాశామని తెలిస్తే, అది ఎవరి ఫైల్లోనో పనిచేయడం మొదలుపెట్టకముందే వెనక్కి తీసుకోండి. పరువు సంగతి నేను చూశాను. పోయినంత వేగంగా కాకపోయినా తిరిగొస్తుంది. నేల అలా రాదు.

ఆ తరవాత మా డివిజను ప్లాను కొత్తగా రాశారు. మేడం రాసిన రెండు లైన్లు అందులోకి మక్కీకి మక్కీ ఎక్కాయి. నేను రిటైరయ్యాక కూడా అవి అక్కడే ఉన్నాయని విన్నాను. మొన్న వేసవిలో పెళ్ళికని వెళ్తూ వీరులపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎర్రమిట్ట వచ్చింది. పక్క సీట్లో ఆయన అటు చూసి, అంత జాగా ఏమీ లేకుండా ఊరికే పడుందేంటండీ అన్నాడు. నేనూ చూశాను. ఎండలో తెల్లబారిన గడ్డి తప్ప ఏమీ కనపడలేదు. అన్నీ ఉన్నాయన్నమాట.